లీగల్ పెట్టాను కదా, మళ్లీ లెటర్ ఎందుకొచ్చింది? పాత విండోస్‌లో ప్రింటర్ సెట్టింగుల చిక్కుముడి

సాయంత్రం నాలుగున్నర. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురు సందులో ఒక డీటీపీ సెంటర్. వంద రూపాయల స్టాంపు కాగితం ప్రింటర్‌లోంచి బయటికి వచ్చింది. స్టాంపు బొమ్మ కింద ఓ నాలుగంగుళాలు అక్షరాలు పడి ఆగిపోయాయి. ఆ కింద మరో నాలుగంగుళాలు తెల్లగా ఖాళీ. మిగతా మేటరంతా రెండో పేజీకి దూకేసింది. దస్తావేజులో అంత చోటు వదిలితే రేపు ఎవరైనా అందులో ఏదైనా రాసుకోవచ్చు. లేఖరి ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొనుక్కు రమ్మన్నాడు. పాడైన స్టాంపుకి డబ్బు వాపసు అడిగే వీలు చట్టంలో ఉంది గానీ, వంద రూపాయల కోసం ఎవరు తిరుగుతారు? అసలు టెన్షన్ అది కాదు, ఆఫీసు మూసేస్తారని.

సెంటర్ నడిపే కుర్రాడు నా వైపు తిరిగి, "పొద్దున్నే లీగల్ పెట్టానన్నా, నా చేత్తో పెట్టాను. దీనికి దయ్యం పట్టింది" అన్నాడు.

లీగల్, లెటర్ అనేవి కాగితం సైజుల పేర్లు. లీగల్ పొడుగుది, లెటర్ పొట్టిది. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే పెట్టాడు. కాకపోతే అతను పెట్టింది ఒక చోట, ఆ ఫైలు చూసుకున్నది ఇంకో చోట.

ఆ మిషన్‌లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరులో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది. అయినా మన ఊళ్లలో అది ఇంకా బతికే ఉందంటే కారణం మొండితనం కాదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, అను అనే పాత తెలుగు ఫాంట్లు, పదిహేనేళ్ల నాటి లేజర్ ప్రింటర్, ఈ మూడూ ఒకదానితో ఒకటి గొడవ పడకుండా పని చేసే చోటు అదే. ఏళ్ల తరబడి కొట్టి పెట్టుకున్న దస్తావేజుల నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. కొన్ని చోట్ల విండోస్ 7 ఉంటుంది. దానికీ 2020 జనవరి 14తో సపోర్ట్ ఆగిపోయింది. ప్రింటర్ల విషయంలో రెండూ ఒకే తానులో ముక్కలు. ఎక్స్‌పీలో స్టార్ట్ మెనూలో "ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్" అని ఉంటుంది, 7లో "డివైసెస్ అండ్ ప్రింటర్స్" అయింది. లోపలి చిక్కు మాత్రం అదే.

ఆ చిక్కు ఏమిటంటే, కాగితం సైజు అనేది ఒక్క చోట ఉండే సెట్టింగ్ కాదు. నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది చాలామంది ఎప్పుడూ తెరవనిది. ప్రింటర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి (7లో దీని పేరు ప్రింటర్ ప్రాపర్టీస్) అడ్వాన్స్‌డ్ ట్యాబ్ నొక్కితే, కింద "ప్రింటింగ్ డిఫాల్ట్స్" అనే బటన్ కనిపిస్తుంది. ఆ కంప్యూటర్‌లో ఎవరు లాగిన్ అయినా మొదట దక్కేది ఈ సెట్టింగులే. రెండోది అందరికీ తెలిసింది, అదే రైట్ క్లిక్‌లో వచ్చే "ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్". ఇది లాగిన్ అయిన ఆ ఒక్క మనిషికే. పగలు కుర్రాడు ఒక యూజర్‌తో, రాత్రి వాళ్ల నాన్న ఇంకో యూజర్‌తో కూర్చుంటే ఒకరు మార్చింది రెండోవాళ్లకి కనపడదు. మూడోది వర్డ్‌లోని పేజ్ సెటప్. ఇది కంప్యూటర్‌లో ఉండదు, ఆ ఫైలు కడుపులోనే ఉంటుంది. ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట వెళ్తుంది. నాలుగోది ప్రింట్ కొట్టే ముందు వచ్చే డబ్బాలోని "ప్రాపర్టీస్" బటన్. దీని ఆయుష్షు ఆ ఒక్క ప్రింటు వరకో, మహా అయితే ఆ ప్రోగ్రాం మూసేదాకానో.

పై నుంచి జీవో ఎలా వచ్చినా కౌంటర్ దగ్గర గుమాస్తా చెప్పినట్టే పని జరిగినట్టు, ఇక్కడ కూడా చాలావరకు కాగితానికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది. ప్రిఫరెన్సెస్‌లో లీగల్ అని ఉన్నా, ఫైలు లెటర్ అంటే లెటరే.

ఇంత తిరకాసుగా ఎందుకు పెట్టారని అడగొచ్చు. ఎక్స్‌పీ పుట్టింది విండోస్ ఎన్‌టీ కుటుంబంలో. అది ఆఫీసుల కోసం చేసింది. ఒకే ప్రింటర్, పదిమంది ఉద్యోగులు, మీద ఒక అడ్మినిస్ట్రేటర్. ఆయన అందరికీ ఒకటి ఖాయం చేస్తాడు, ఎవరికి వారు తమ వరకు మార్చుకుంటారు, ఒక్కో ఉత్తరానికి మళ్లీ వేరే అవసరం ఉంటుంది. లోపల ఈ సెట్టింగులన్నీ కట్టిన మూటకి డెవ్‌మోడ్ అని పేరు. కాగితం సైజు, నిలువా అడ్డమా, ఎన్ని కాపీలు, ఏ ట్రే, ఎంత రిజల్యూషన్, అన్నీ అందులోనే. ప్రోగ్రాం ప్రింట్ చేయబోయే ముందు ఈ మూట నకలు ఒకటి తీసుకుని, అందులో తనకి కావలసినవి మార్చి డ్రైవర్‌కి, అంటే విండోస్‌కీ ప్రింటర్‌కీ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రాంకి, ఇస్తుంది. అది నకలు కాబట్టే, వర్డ్ తెరిచి ఉండగా మీరు ప్రిఫరెన్సెస్‌లో ఏదైనా మారిస్తే ఒక్కోసారి దానికి తెలియదు. మూసి మళ్లీ తెరిస్తే కొత్త నకలు తీసుకుంటుంది. "రీస్టార్ట్ చేస్తే సరిపోయింది" అని మనం చెప్పుకునే మహిమల్లో సగం ఇదే.

ఇక ఆ రోజు వచ్చిన ఫైలు సంగతి. అది డాలస్‌లో ఉండే కొడుకు ఇక్కడి తండ్రికి మెయిల్‌లో పంపిన ఒప్పందం డ్రాఫ్టు. అమెరికాలో మామూలు కాగితం లెటర్, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. ఫైలు కడుపులో అదే రాసి ఉంది. మన స్టాంపు కాగితం లీగల్‌కి దగ్గరగా, 14 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. కుర్రాడు స్టాంపు కోసం పైన ఆరంగుళాలు వదిలాడు, కింద మార్జిన్ ఒకటి. 11లో ఏడు పోతే మిగిలేది నాలుగు. ఆ నాలుగంగుళాలే అచ్చయ్యాయి. దయ్యం లేదు, తీసివేత లెక్క.

పేజ్ సెటప్‌లో పేపర్ ట్యాబ్‌కి వెళ్లి లీగల్ చేశాం. అక్కడ ఇంకో గుంట ఉంది. అదే డబ్బాలో కింద "అప్లై టు" అని ఉంటుంది. స్టాంపు పేజీకి మార్జిన్ వేరు, తర్వాతి పేజీలకి వేరు కాబట్టి ఇలాంటి ఫైళ్లలో సెక్షన్ బ్రేక్, అంటే ఫైలుని భాగాలుగా విడదీసే గుర్తు, ఉంటుంది. సెక్షన్లు ఉన్న ఫైల్లో అది మామూలుగా "దిస్ సెక్షన్" మీద నిలబడి ఉంటుంది. అంటే కర్సర్ ఎక్కడుంటే ఆ భాగం మాత్రమే మారుతుంది. మొదటి పేజీ లీగల్, రెండో పేజీ పాత లెటరే. కాగితం సైజు మార్చేటప్పుడు దాన్ని "హోల్ డాక్యుమెంట్" చేయాలి. మార్జిన్ మార్చేటప్పుడు మాత్రం అలా చేయకూడదు, చేస్తే ఆరంగుళాల ఖాళీ అన్ని పేజీలకీ వస్తుంది.

ఫైలు అమెరికా నుంచి రాకపోయినా లెటర్ బెడద తప్పదు. ఎక్స్‌పీ వేసేటప్పుడు చాలామంది ప్రాంతం దగ్గర "ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్" అలాగే వదిలేస్తారు. ప్రింటర్ డ్రైవర్ ఎక్కేటప్పుడు దాన్ని చూసి, ఇది అమెరికా కాబోలు అనుకుని లెటర్‌ని ఖాయం చేసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఇండియా పెట్టి, ఆ తర్వాత డ్రైవర్ వేసుకోవడం మంచి పద్ధతి. ఇప్పటికే వేసేసి ఉంటే ప్రింటింగ్ డిఫాల్ట్స్, ప్రిఫరెన్సెస్ రెండింటిలోనూ చేత్తో ఏ4 చేయాలి. ఒక్కదాంట్లో చేసి వదిలేయడమే మనవాళ్లు చేసే పొరపాటు.

ఏ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. లెటర్ 216, 279. ఒకటి సన్నగా పొడుగు, ఇంకోటి పొట్టిగా వెడల్పు. ఈ తేడా ఎంతో లేదనిపిస్తుంది. కానీ ఏ4 పేజీని లెటర్‌లో ఇమిడ్చాలంటే దాదాపు 94 శాతానికి కుదించాలి. వర్డ్ 2003లో టూల్స్, ఆప్షన్స్, ప్రింట్ ట్యాబ్‌లో "అలో ఏ4 లెటర్ పేపర్ రీసైజింగ్" అని ఒక టిక్కు ఉంటుంది. అది ఉంటే మనకి చెప్పకుండానే ఈ కుదింపు చేసేస్తుంది. ఉత్తరాలకి ఇబ్బంది లేదు. ఆధార్, పాన్ కార్డు నకలు అసలు సైజులో తీయమన్నప్పుడే గొడవ. కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు. 94 శాతం అంటే ఎనభైకి దిగిపోతుంది, లామినేషన్ కవరులో వదులుగా ఆడుతుంది. అడోబీ రీడర్‌లో కూడా ఇదే తంతు. పాత వెర్షన్లలో "పేజ్ స్కేలింగ్" దగ్గర "నన్" పెట్టాలి, టెన్ తర్వాతి వాటిలో "యాక్చువల్ సైజ్". నమ్మకం కుదరకపోతే పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవండి. తొమ్మిదిన్నర కంటే తక్కువుందా, ఎవరో మధ్యలో కుదిస్తున్నారు.

స్టాంపు కాగితాలు, దస్తావేజులకి వాడే మందమైన గ్రీన్ లెడ్జర్ కాగితాలు అచ్చంగా లీగల్ కొలతకే ఉంటాయన్న భరోసా లేదు. స్కేలు పెట్టి కొలిచి సొంత సైజు చేసుకోవడం మేలు. దాని దారి మాత్రం ఎవరికీ తట్టని చోట దాచారు. ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్ కిటికీలో ఏ ప్రింటర్‌నీ ఎంచుకోకుండా ఫైల్ మెనూలో "సర్వర్ ప్రాపర్టీస్" తెరవాలి. ఇంట్లో సర్వర్ ఎక్కడిదని అనుకోవద్దు, ఎన్‌టీ ఆఫీసు వాసన అది, పేరు అలాగే ఉండిపోయింది. 7లో అయితే ఏదో ఒక ప్రింటర్‌ని ఎంచుకుంటే పై పట్టీలో "ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్" వస్తుంది. ఫార్మ్స్ ట్యాబ్‌లో "క్రియేట్ ఎ న్యూ ఫార్మ్" టిక్కు పెట్టి, పేరు, వెడల్పు, ఎత్తు ఇచ్చి సేవ్ చేస్తే అది ఆ ప్రింటర్ పట్టగలిగే సైజే అయితే జాబితాలో చేరుతుంది. కొన్ని చిన్న లేజర్ల డ్రైవర్లు దీన్ని పట్టించుకోవు. వాటికి ప్రిఫరెన్సెస్‌లోనే "కస్టమ్" బటన్ ఉంటుంది.

ఈ ఫార్మ్ విలువ తెలియాలంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్న బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్లాలి. చిల్లుల కాగితం ఒక్కో మడత 12 అంగుళాలు. డ్రైవర్‌లో లెటర్ ఉంది, అంటే 11. మొదటి బిల్లు బాగుంటుంది. రెండోది అంగుళం పైకి వస్తుంది, మూడోది రెండంగుళాలు, తర్వాత బిల్లు మధ్యలోంచి చిల్లుల గీత పోతుంది. విచిత్రం ఏమిటంటే పన్నెండు బిల్లులు అయ్యాక పదమూడోది మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది. 11 పన్నెండ్లూ 12 పదకొండ్లూ ఒకటే కదా. అది చూసి "అదే సర్దుకుందిలే" అనుకునేవాళ్లు ఉన్నారు. మీ బిల్లు జరిగే తీరు ఇలా ఉంటే కాగితం బిగింపుని తిట్టకండి, 12 అంగుళాల ఫార్మ్ చేయండి.

కాగితం సైజు పక్కనే కాగితం రకం అని ఇంకోటి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. పేరు చూస్తే ఊరికే గుర్తు కోసం పెట్టినట్టుంటుంది గానీ, అది నేరుగా వేడికి సంబంధించింది. లేజర్ ప్రింటర్‌లో టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి. ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్య నలిగి, కరిగి కాగితానికి అతుక్కుంటుంది. మందం కాగితం ఎక్కువ వేడి తాగుతుంది. మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల) కాగితానికి సరిపోయే వేడి లెడ్జర్ కాగితానికి చాలదు. అందుకే దస్తావేజు మీద వేలితో రుద్దితే అక్షరం ఊడి వస్తుంది. కార్ట్రిడ్జ్ రీఫిల్ చేసినవాణ్ని తిట్టే ముందు "పేపర్ టైప్" దగ్గర హెవీ గానీ, రఫ్ గానీ పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఆ పని అయ్యాక మళ్లీ ప్లెయిన్‌కి తేవడం మరిచిపోతే పల్చటి కాగితాలు చుట్టుకుపోతూ బయటికొస్తాయి. ఇలాంటి ఒక్కసారి పనులకే నాలుగో చోటు, ప్రింట్ డబ్బాలోని ప్రాపర్టీస్, సరైన చోటు.

తెలుగు ఫాంట్ల గొడవ మనకే ప్రత్యేకం. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత గడి ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టినవి. ఫాంట్ వెంట ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంట్ జారిపోయిందంటే కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు బయటపడి, పెళ్లి శుభలేఖ కాస్తా తిట్ల దండకంలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లో బాగానే ఉండి, పీడీఎఫ్ చేసి ఫ్లెక్సీ షాపుకి పంపితే అక్కడ ఇలా అయిందంటే పీడీఎఫ్‌లో ఫాంట్ కూర్చోలేదన్నమాట. ఇది కూడా ప్రింటర్ సెట్టింగే, ఎందుకంటే అక్రోబాట్ వేసినప్పుడు వచ్చే "అడోబీ పీడీఎఫ్" అనేది విండోస్ దృష్టిలో ఒక ప్రింటర్. దాని ప్రిఫరెన్సెస్‌లో "రిలై ఆన్ సిస్టమ్ ఫాంట్స్ ఓన్లీ" అని మొదలయ్యే టిక్కు ఒకటి ఉంటుంది. పాత అక్రోబాట్లలో అదే మాట "డు నాట్ సెండ్ ఫాంట్స్" అని ఉంటుంది. ఆ టిక్కు తీసేయాలి. అసలు లేజర్ ప్రింటర్‌లోనే అక్షరాలు తారుమారైనా, ఒత్తులు మాయమైనా, ప్రిఫరెన్సెస్‌లో ట్రూటైప్ ఫాంట్లని బొమ్మలుగా పంపే ఎంపిక ఉందేమో వెతకండి. అడోబీ రీడర్ నుంచైతే అడ్వాన్స్‌డ్‌లో "ప్రింట్ యాజ్ ఇమేజ్". నెమ్మదిగా వస్తుంది, కానీ తెరమీద ఉన్నదే వస్తుంది.

నెమ్మది ఎందుకో కూడా చూద్దాం. ఏ4 పేజీ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర అడ్డంగా 4,960 చుక్కలు, నిలువుగా 7,016. మొత్తం దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు. చుక్కకి ఒక బిట్ లెక్కన నాలుగు ఎంబీ పైమాటే. చవక లేజర్ ప్రింటర్లలో ఈ చుక్కల్ని లెక్కగట్టేది ప్రింటర్ కాదు, మన కంప్యూటరే. ప్రింటర్ చెప్పింది చేసే కూలీ మాత్రమే. అందుకే వాటికి వాటి డ్రైవరే కావాలి, పక్క మోడల్ డ్రైవర్‌తో నెట్టుకురావడం కుదరదు. ఎక్స్‌పీ డ్రైవర్ సీడీ మీ దగ్గరుంటే అది ఎవరికీ అప్పివ్వకండి.

ప్రింట్ కొడితే ఏమీ రాకుండా ఊరుకుందనుకోండి, అది సెట్టింగుల కథ కాదు, క్యూ కథ, అంటే ప్రింట్లు నిలబడే వరస కథ. పాడైన జాబ్ ఒకటి ముందు అడ్డం పడి ఉంటుంది, డిలీట్ కొడితే "డిలీటింగ్" అంటూ అక్కడే కూర్చుంటుంది. కంట్రోల్ ప్యానెల్, అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, సర్వీసెస్‌లో ఈ వరసని నడిపే "ప్రింట్ స్పూలర్" ఆపండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చేయండి. ఆ ఫైళ్లు మీ డాక్యుమెంట్లు కావు, వరసలో ఉన్న ప్రింట్ల నకళ్లు, భయం లేదు.

ఊడ్చేటప్పుడు ప్రింటర్ వైరు పీకి వేరే యూఎస్‌బీ గుంటలో పెడితే ఎక్స్‌పీ ఒక్కోసారి అదే ప్రింటర్‌ని "కాపీ 1" అని కొత్తగా చేర్చుకుంటుంది. పాతదే డిఫాల్ట్‌గా ఉండి, దాని పోర్టు యూఎస్‌బీ001 దగ్గర ఎవరూ ఉండరు. ప్రింట్లన్నీ ఖాళీ ఇంటికి వెళ్తుంటాయి. పైగా కాపీ 1కి మీ పాత సెట్టింగులు రావు, మళ్లీ లెటర్‌తో మొదలు. వైరుని పాత గుంటలోనే పెట్టండి, ఆ గుంట దగ్గర స్కెచ్ పెన్‌తో ఒక చుక్క పెడితే ఇంకా మంచిది.

ఎక్స్‌పీ మీదున్న ప్రింటర్‌ని కొత్త ల్యాప్‌టాప్‌కి షేర్ చేయమని చాలామంది అడుగుతారు. నా మాట, వద్దు. ఎక్స్‌పీ మాట్లాడేది ఎస్ఎంబీ1 అనే పాత భాష. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని అల్లాడించింది ఆ దారినే. విండోస్ 10 ఆ తర్వాతి వెర్షన్లలో దాన్ని మామూలుగా వేయడమే మానేసింది. ప్రింటర్ కనపడడం లేదని ఆ తలుపు మళ్లీ తెరిచేకన్నా పీడీఎఫ్ చేసి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోవడం నయం. ఆ పాత మిషన్‌కి ఇంటర్నెట్ కూడా పీకేస్తే ఇంకా నయం.

ఆ రోజు ఐదుకి పది నిమిషాల ముందు రెండో స్టాంపు కాగితం ప్రింటర్‌లోకి వెళ్లి, ఏడంగుళాలూ నిండి బయటికి వచ్చింది. పాడైన మొదటి కాగితాన్ని కుర్రాడు పారేయలేదు. స్కేలు కింద మడత పడకుండా దాచుకున్నాడు. ఇప్పుడు కొత్త దస్తావేజు ఏది వచ్చినా ముందు సాదా కాగితం మీద తీసి, దాన్ని ఆ పాడైన స్టాంపు కాగితానికి ఆనించి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూస్తాడు. మొదటి లైను స్టాంపు అంచు తగలకుండా కిందే ఉందా, చివరి లైను కాగితం అడుగు దాకా వచ్చిందా అని. అప్పుడే అసలు కాగితం ట్రేలో పెడతాడు.